తవిటిరాజును మోసిన తాబేలు

అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. మూడోవాడు పుట్టినప్పుడు చూడముచ్చటగా ఉన్నాడని ఊరంతా అనేసరికి నాయనమ్మకు దిష్టిభయం పట్టుకుంది. పిల్లాణ్ణి దాది చేతిలో పెట్టి, చేటెడు తవుడు పోసి మళ్ళీ కొనుక్కుంది. తవిటిరాజు అని పేరు పెట్టింది. అంతటితో ఆగిందా? ఎవరు మెచ్చుకున్నా "నాకేం చేతకాదు, నా వల్ల కాదు" అనమని నేర్పింది. బుగ్గన చుక్కయితే కడిగితే పోయేది. ఈ మాట పోలేదు. మెచ్చుకునేవాళ్ళు లేనప్పుడు కూడా వాడే చెప్పుకునేవాడు.

ఏడు సముద్రాల అవతల ఒక దీవిలో జంభకేతుడనే మాంత్రికుడు ఉన్నాడు. వాడి ప్రాణం ఒక చిలకలో ఉంది. వాడు బంధించిన రాజకుమారి కువలయను విడిపిస్తానని పెద్దన్న వెళ్ళి రాయైపోయాడు. రెండో అన్న వెళ్ళి రాయైపోయాడు. వచ్చే పున్నమి దాటితే ఆ రాళ్ళకు మళ్ళీ ప్రాణం రాదు. తల్లి కొంగు నోట్లో కుక్కుకుని మూడోవాడి వంక చూసింది.

"నా వల్ల కాదమ్మా" అంటూనే బయల్దేరాడు. అన్నలంటే అంత ప్రేమ.

సముద్రం ఒడ్డున గవ్వలవ్వ అనే ముసలి తాబేలు వలలో చిక్కుకుని ఉంటే విడిపించాడు. సంగతి విని అవ్వ "వీపెక్కు నాయనా, దీవిలో దింపుతాను" అంది. ఆ మాట ఎందుకన్నానా అని దారి పొడుగునా అనుకుంది. కథ చెప్పేవాడికి మోకాలిలోతు నీళ్ళన్నా భయమే గనక ఏడు సముద్రాలూ గబగబా దాటించేస్తున్నాడు గానీ, అవ్వకు అవి ఏడు జన్మల్లా గడిచాయి. ఉప్పు సముద్రంలో "జారిపోతానవ్వా." పాల సముద్రంలో "మునిగిపోతానవ్వా." తేనె సముద్రంలో "అంటుకుపోతానవ్వా."

"ఈదుతున్నది నేను. నీకెందుకు నాయనా ఆయాసం?"

"ముందే అనేసుకుంటే దిష్టి తగలదని మా నాయనమ్మ చెప్పింది."

"చల్లగా ఉండాలి మీ నాయనమ్మ" అంది అవ్వ. పళ్ళు కొరుకుదామంటే పళ్ళు లేవు.

దీవిలో మొదటి అడ్డంకి, బురదకాలవ మీద ఒంటి తాటిదూలం. "పడతాను, పడతాను" అంటూ ఎక్కాడు. పడ్డాడు. అవ్వ పంచె అంచు నోట కరిచి బయటికి లాగింది.

"పడతానని కాళ్ళకు చెప్పావు. రాజుగారబ్బాయి కాళ్ళు కదా, చెప్పినట్టే చేశాయి. ఈసారి నేను మహావీరుణ్ణి అనుకో."

"నేను మహావీరుణ్ణి" అన్నాడు. తనకే నవ్వొచ్చి ఇందాకటికంటే ముందే పడ్డాడు.

మళ్ళీ లాగేసరికి అవ్వకు ఒళ్ళు మండిపోయింది. "గొప్పలూ వద్దు, ఏడుపూ వద్దు. నువ్వు నమ్మగలిగిన మాటొకటి చెప్పుకో. కాలు ఎక్కడ పెట్టాలో కాలికి చెప్పు, చాలు."

"ఈ కాలు ఇక్కడ. ఆ కాలు అక్కడ." గొణుక్కుంటూ నడిచాడు. చూసుకుంటే అవతలి గట్టు మీద ఉన్నాడు.

"దాటేశానవ్వా. గాలి లేదు గనక సరిపోయింది గానీ, నా వల్ల..."

"నోరు ముయ్యి నాయనా."

రెండో అడ్డంకి, మాంత్రికుడి మేడకు తాటిచెట్టంత రాతిగోడ. "ఈ చెయ్యి ఈ పగుల్లో. ఆ చెయ్యి ఆ పగుల్లో." సగం ఎక్కాక "నా వల్ల" అని మొదలుపెట్టాడు. కింద అవ్వ చూపు చూశాడు. "ఇప్పటికి సగమైంది" అని ముగించి పైకి పాకాడు.

పైన గదిలో కువలయ, పంజరంలో చిలక, పక్కన అన్నల పోలికలతో రెండు రాళ్ళు.

"మీరు మూడోవారా?" అంది కువలయ విసుగ్గా. "ఈ చిలక ఎవరి మనసులో మాట వాళ్ళ గొంతుతోనే అంటుంది. విని నీరుగారిపోయినవాళ్ళు రాయైపోతారు. మీ పెద్దన్నగారు దీంతో వాదించారు. రెండో ఆయన బతిమాలారు. మీరేం చేస్తారో మరి."

చిలక మెడ వంచి, అచ్చం తవిటిరాజు గొంతుతో "నీ వల్ల కాదు" అంది.

అతని పాదాలు చల్లబడి రాయి కాసాగాయి. కింద వింటున్న అవ్వ కళ్ళు మూసుకుంది. ఏడు సముద్రాలు మోసింది ఇందుకా అనుకుంది.

"కాకపోవచ్చు" అన్నాడు తవిటిరాజు. "ముందు గడియ తీస్తాను." తీశాడు.

"నువ్వు చేతకానివాడివి."

"కావచ్చు. ఇప్పుడు చెయ్యి లోపల పెడతాను." పెట్టాడు.

చిలక నోరు తెరిచింది, మూసింది. అతని మనసులో అప్పటికి మిగిలినది ఒక్కటే. చచ్చినట్టు అదే అంది: "ఇప్పుడు మెడ పట్టుకో."

పట్టుకున్నాడు. పాదాలు మళ్ళీ వెచ్చబడి మామూలయ్యాయి.

జంభకేతుడు రొప్పుతూ వచ్చి కాళ్ళమీద పడ్డాడు. "మా అన్నల్ని లేపు" అన్నాడు తవిటిరాజు. లేపాడు. లేపీ లేపగానే దొంగచాటుగా మంత్రదండం ఎత్తాడు. చిలక మెడ గిర్రున తిరిగింది, మాంత్రికుడు కుప్పకూలాడు.

తిరుగుదారిలో వీపు మీద నలుగురు. "నేనూ గడియ దాకా వెళ్ళాను తెలుసా" అంటాడు పెద్దన్న. "నేనైతే తీసేశాను కూడా" అంటాడు రెండో అన్న. ఏడు సముద్రాలూ అదే గోల.

తవిటిరాజుకు కువలయతో పెళ్ళయింది. పట్టాభిషేకమూ అయింది. ఇద్దరూ తల నెరిసి, మనవల పెళ్ళిళ్ళు చూసేదాకా చల్లగా ఏలారు. గవ్వలవ్వకు మూడు ఊళ్ళు రాసిస్తానన్నాడు కొత్త రాజు. "మీ వంశంలో ఇంకెవరినీ నా వీపెక్కించకు నాయనా, అదే పదివేలు" అని ఆవిడ నీళ్ళలోకి దిగిపోయింది.

అప్పట్నుంచే, ఎవరైనా దగ్గరికొస్తున్న అలికిడైతే చాలు, తాబేలు తల లోపలికి లాక్కుంటుంది. ఎంత బతిమాలినా బయటికి తియ్యదు.