నలుగురై వెళ్ళిన వరహాలు

ఈ కథ అబద్ధమనేవాళ్ళు ఎవరైనా ఉంటే ఇప్పుడే లేచి నిలబడండి. మధ్యలో లేస్తే కుదరదు. చివర్లో సాక్షిని పేరు పెట్టి మరీ చూపిస్తాను, అప్పుడు మొహం ఎక్కడ పెట్టుకుంటారో మీ ఇష్టం.

యలమంచిలి సూరపునాయుడి కుటుంబమంత తెలివైన కుటుంబం భూమండలంలో లేదు. ఎవరన్నారంటారా? వాళ్ళే అన్నారు. "పెద్దలు చెప్పింది చెప్పినట్టు చేస్తాం. ఇంతకు మించిన తెలివి ఎక్కడైనా ఉందా?" అని సూరపునాయుడు రోజూ మీసం దువ్వుకునేవాడు.

ఆయన కూతురు పారమ్మను సరిహద్దు అవతల, ఒడిశాలో, బరంపురం తెలుగువాళ్ళకే ఇచ్చారు. ఆమెకి ఏడో నెల. పుట్టింటి నుంచి చలిమిడి వెళ్ళాలి, ఆ తీపి ముద్ద తింటే కడుపు చల్లగా ఉంటుంది. పారమ్మ అత్తగారు ముందే ఫోనులో హెచ్చరించింది: "దీపాలు పెట్టే వేళకి మీ చలిమిడి రాకపోయిందా, వీధి వీధంతా పిలిచి మీ పరువు పంచిపెడతాను!"

అందరూ వెళ్తే ఇంటి తాళానికి కాపలా ఎవరు? అందుకని కొడుకు వరహాలు ఒక్కడే మోటారుసైకిలు మీద బయలుదేరాడు.

నాయనమ్మ రావులమ్మ ఇత్తడి గిన్నెని తువ్వాలుతో వాడి గుండెలకి కట్టింది. "అక్క చేతిలో పడేదాకా ఇది కింద పెట్టకు. దారంట ఎవరడిగినా ఒక్కణ్ణే అనకు, దొంగవెధవలుంటారు. ముగ్గురమనీ అనకు, మూడు అచ్చిరాదు. నలుగురం అని చెప్పు."

"ముందు పోయే బండిని దాటకు," అన్నాడు సూరపునాయుడు.

అంతే. కోడి కూయకముందే వరహాలు దూసుకుపోయాడు. ఎంత వేగమంటే, వెనక వస్తున్న గాలి ఆయాసపడి విజయనగరంలో కూర్చుండిపోయింది!

నరసన్నపేట దాటాక ముందు ఒక గడ్డి బండి కనిపించింది. వరహాలు బుద్ధిగా వెనకే నడిపాడు. బండి పక్క దారి పట్టింది. వీడూ పట్టాడు. బండి ఒక ఇంటి దొడ్లో ఆగింది, ఎడ్లని విప్పేశారు. వీడు వెనకే ఆగి కూర్చున్నాడు.

"ఎవరు కావాలి బాబూ?" అన్నాడు రైతు.

"ఎవరూ వద్దు. మీ బండి కదిలితే నేను పోతాను."

"అది మళ్ళీ రేపే కదిలేది!"

వరహాలు గుండె గిన్నెలో పడింది. రేపటికి అక్క పరువేం కాను? కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అప్పుడు రైతు పెళ్ళాం పమిట దోపుకుని వచ్చి, నలుగురి చేత బండిని వెనక్కి తోయించి, వీడి వీపు వెనక నిలబెట్టించింది. "ఇప్పుడు బండి నీ వెనకుంది. ఇంక పో నాయనా, నీకో దండం!"

పలాసలో భోజనానికి ఆగాడు. "ఎంతమంది?" అన్నాడు వడ్డించేవాడు.

"నలుగురం."

ఇంకేముంది, నాలుగు విస్తళ్ళు పడ్డాయి. మిగతా మూడూ ఎవరు తింటారు? వరహాలే తిన్నాడు. లేచేసరికి పొట్ట ఎంత ఎత్తుకొచ్చిందంటే, గుండెల మీది గిన్నె గడ్డానికి తగిలి, మూత మీంచి తొంగి చూస్తూ బండి నడిపాడు!

సరిహద్దు దగ్గర టీకొట్టులోనూ అదే మాట. కొట్టతను నాలుగు గ్లాసులు పెట్టాడు. వరహాలు ఒకటి తాగి, "ఇంక చోటు లేదు. మిగతా ముగ్గురి టీలకి మూత పెట్టు," అన్నాడు.

పక్కనే చెక్‌పోస్టు. పోలీసాయన ఊరికే పలకరించాడు: "ఒక్కడివే పోతున్నావా?"

"కాదు బాబూ, నలుగురం."

"ఒక్క బండి మీద నలుగురా! మిగతా వాళ్ళేరీ? నన్ను చూసి దిగి పారిపోయారా?" అని ఆయన కల్వర్టు కింద కూడా వెతికాడు. "దొరకలేదు. సరే, నువ్వు పో. ఆ ముగ్గుర్నీ మాత్రం బండి ఎక్కనివ్వను, నడిచే రావాలి!"

పొద్దుటి నుంచీ చెప్పీ చెప్పీ వరహాలుకి ఆ ముగ్గురూ అయినవాళ్ళైపోయారు. 'పాపం, ఎండలో నడవాలి,' అని దారిపొడుగునా ముక్కు చీదుకున్నాడు.

బరంపురం చేరేసరికి ఇంకా పొద్దుంది. పారమ్మ గుమ్మంలో చేతులు చాచింది. అత్తగారు అడగనే అడిగింది: "ఎంతమంది వచ్చారు నాయనా?"

"నలుగురం అత్తా. ముగ్గురు నడిచి వస్తున్నారు."

పారమ్మది మాత్రం వేరే రక్తమా? "అయ్యో తమ్ముడూ! నాకోసం వచ్చినవాళ్ళు ఎండలో పడి నడుస్తుంటే నాకు ముద్ద ఎలా దిగుతుందిరా? పో, తీసుకురా!"

అంతే! వరహాలు గిరుక్కున బండి తిప్పాడు.

"గిన్నె ఇచ్చి పోరా సన్నాసీ!" అని అత్తగారు వీధి చివరిదాకా పరిగెత్తింది. వింటేగా! ఇంకేముంది, పారమ్మ, అత్తగారు, ఐదుగురు పేరంటాళ్ళు ఒకే ఆటోలో కుక్కుకుని వెంటపడ్డారు.

సరిహద్దులో వరహాలు కల్వర్టులోకి తల దూర్చి, "రండర్రా, పోలీసాయన మంచివాడే!" అని పిలుస్తున్నాడు. అవతల కొట్టతను దేవుడి పటం ముందు దీపానికి అగ్గిపుల్ల గీశాడు.

"ఆగవయ్యా, దీపం పెట్టకు!" అని అత్తగారు అరిచిన అరుపుకి లారీలు ఆగిపోయాయి. కొట్టతను వెలిగిన పుల్లతో అలాగే బిగుసుకుపోయాడు. పుల్ల వేలిదాకా కాలి చురుక్కుమనేసరికి పారమ్మ తమ్ముడి గుండెల మీంచి గిన్నె లాగి, ముద్ద నోట్లో వేసుకుంది. ఆ తరవాతే దీపం వెలిగింది. పరువు నిలిచింది!

"ఇంక పదరా ఇంటికి," అంది అత్తగారు.

"వాళ్ళు రాకుండానా?"

ఆవిడ నెత్తి కొట్టుకుంది. "అరుగో, ముగ్గురూ నీ బండెక్కి కూర్చున్నారు. పద!"

వరహాలు బండి ఎక్కబోయి, నాలిక కరుచుకుని కాలు దించేశాడు. "నలుగురం ఎక్కితే తప్పు కదా అత్తా!" ఆ ముగ్గురికీ పడిపోకుండా పట్టుకోమని చెప్పి, ఖాళీ బండిని తోసుకుంటూ బరంపురం దాకా నడిచాడు.

ఇప్పుడు లేవండి, అబద్ధమనేవాళ్ళు! సరిహద్దు టీకొట్టుకి వెళ్ళండి. మూత పెట్టిన మూడు గ్లాసులు ఇంకా బల్ల మీదే ఉన్నాయి, ఎవరొచ్చి తాగుతారోనని కొట్టతను చూస్తున్నాడు. కాలిన వేలు కూడా చూపిస్తాడు. పేరు దండాసి.