సుంకులమ్మ లేచింది

అనగా అనగా, మా తాతకు తాత కూడా ఇంకా ఉయ్యాలెక్కని కాలంలో, నల్లరేగడి చేల నడుమ పల్లంలో ఒక ఊరు ఉండేది. దిగువపాడు దాని పేరు. ఎండాకాలం వస్తే ఆ ఊళ్లో ఆకు కదలదు. గోడ ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. మనుషులు చాపల మీద పడి ఒకరినొకరు విసుక్కుంటూ పొద్దు గడిపేవాళ్లు. ఏటేటా ఎండాకాలంలో మూడు కుటుంబాలు బండి కట్టుకుని ఏటి అవతలికి పోయేవి. పోయినవాళ్లు మళ్లీ వచ్చేవాళ్లు కాదు.

ఆ ఊళ్లో సుంకులమ్మ అని నా అన్నవాళ్లు లేని ఒక ఆడమనిషి ఉండేది. కుదురన్నది ఆమె ఒంట్లోనే లేదు. కూర్చుంటే లేస్తుంది, లేస్తే నడుస్తుంది, నడిస్తే ఊరు దాటుతుంది. "దీని అరికాళ్లలో చీమలున్నాయి" అని ఊరంతా నవ్వేది.

ఆమె పని కళ్లం అలకడం, గింజలు తూర్పారబట్టడం. కళ్లమంటే పంట నూర్చే చోటు. తూర్పారకు గాలి కావాలి గనుక దాన్ని ఊరి పైన దిబ్బ మీద చేసుకున్నారు. అయితే అది రేగడి నేల, ఎంత అలికినా పగుళ్లిచ్చేది. పగుళ్లలోకి జారిన గింజలు సుంకులమ్మవి. రాశి ఎత్తాక పుల్లతో గీరి, చీపురుతో ఊడ్చి మూడు గంపలు ఎత్తుకునేది. అదే ఆమె కూలి, అదే ఆమె తిండి.

నూర్పిళ్లు కాగానే కళ్లం చుట్టూ ముళ్లకంప వేసేవాళ్లు. మళ్లీ పంట దాకా అక్కడ ఎవరూ కాలు పెట్టకూడదు. కళ్లంలో ఆటలాడితే పొలి ఎగిరిపోతుందని, అంటే రాశిలోని పెంపు పోతుందని వాళ్ల భయం.

ఒక ఎండాకాలం రెండు కుటుంబాలు వెళ్లిపోయాయి. మూడోది సుంకులమ్మ పక్కింటి తిప్పక్కది. మొగుడు ఓబులేసు బండికి సామాను ఎక్కిస్తున్నాడు. చంటిపిల్ల ఒళ్లంతా చెమటకాయలు, ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

"పోవద్దు మ్మే తిప్పక్కా."

"ఉండి ఏం జెయ్యమంటావత్తా? పిల్లకు ఊపిరాడ్డం ల్యా."

సుంకులమ్మవి తిరిగే కాళ్లు కదా, గాలి ఎక్కడుందో వాటికి తెలుసు. పిల్లను చంకనేసుకుని దిబ్బ ఎక్కింది. వట్టి చేతులతో కంప లాగేసింది. పొద్దు వాలింది, గాలి లేచింది. పిల్ల ఏడుపు ఆపి, కళ్లం మధ్య పైటకొంగు మీద నిద్రపోయింది. వెనకాలే తిప్పక్క వచ్చింది, ఓబులేసు వచ్చాడు, చోద్యం చూడ్డానికి ఊరు వచ్చింది. ఒంటికి గాలి తగిలాక ఎవరు ఊరుకుంటారు? కుర్రకారు అక్కడికక్కడే గీత గీసి చెడుగుడు మొదలుపెట్టారు.

మర్నాడు ఊరిపెద్ద మద్దిలేటి మళ్లీ కంప వేయించాడు. సుంకులమ్మ మళ్లీ పీకింది. మూడుసార్లు వేయించాడు, మూడుసార్లు పీకింది. మూడోసారి ఆయన చేతికర్ర నేలకేసి కొట్టాడు.

"పొలి పోతే ఎవురిదే పూచీ?"

"నాది మామా. రాశి తగ్గితే నేనే ఊరిడిసి పోతా."

అనేసి ఇంటికొచ్చాక గానీ తానేం అన్నదో ఆమెకు తెలిసిరాలేదు. ఎవరూ ఊరు విడిచి పోకూడదని తిరిగే మనిషి, తన ఊరినే పందెం కాసింది.

ఇక ఉన్న కాస్త కుదురూ పోయింది. పొద్దున్నే గుట్టకు పోయి ఒక గంప గులకలు కలిసిన గరుసుమన్ను మోసుకొచ్చేది. కళ్లంలో పోసేది, బూడిద చల్లేది, పొట్టు చల్లేది. మళ్లీ గుట్టకు, మళ్లీ కళ్లానికి. సాయంత్రం గడపగడపకూ పోయి తలుపు బాదేది.

"లేయండి, గాలొచ్చింది! లేయండి, గాలొచ్చింది!"

జనం తిట్టుకుంటూ లేచేవాళ్లు, నవ్వుతూ దిగివచ్చేవాళ్లు. మగవాళ్లు చెక్కభజన తొక్కారు, ఆడవాళ్లు కోలాటం వేశారు, పిల్లలు ఒప్పులకుప్ప తిరిగారు. వాన వెలిసిన తడి నేల మీద కూడా తొక్కారు. ఓబులేసు బండి మీది సామాను ఎప్పుడు దించాడో అతనికే గుర్తులేదు.

పంట కోతకొచ్చింది. కళ్లం అలకబోయిన సుంకులమ్మ అరచేత్తో నేల తడిమింది. ఊరంతా తొక్కిన తొక్కుడికి ఈ చివరి నుంచి ఆ చివరికి పగులన్నది లేదు. పకపకా నవ్వింది. నవ్వుతూనే చతికిలబడింది. పగుళ్లు లేకపోతే తన మూడు గంపలు ఎక్కడివి? పగుళ్లుంటే రాశి తగ్గి తన ఊరు పోతుంది, లేకపోతే కూడు పోతుంది. కాసేపు అటూ ఇటూ తిరిగింది. "ఊరుంటే చాలు" అనుకుని పేడనీళ్ల కుండ ఎత్తింది.

ఆ ఏడు వాన ఎక్కువా లేదు, తక్కువా లేదు. నూర్చారు, తూర్పారబట్టారు. మద్దిలేటి దగ్గరుండి కొలిపించాడు. పోయినేటి మీద మూడు గంపలు ఎక్కువొచ్చింది. పొలి నిలిచిందని ఊరంతా కేకలు వేసింది.

అంతలో మద్దిలేటి చూపు సుంకులమ్మ మీద పడింది. చీపురు, పుల్ల పట్టుకుని ఓ పక్కన నిలబడి ఉంది. ఊడవడానికి ఏమీ లేదు.

"నీ గింజలేవే?"

"రాశిలోనే ఉండాయి మామా."

ఆయన పగుల్లేని నేల వంక చూశాడు. "తెలిసే చేసినావా?"

"తెలిసే. ఊళ్లో మనుసులు ల్యాకపోతే నేనెవురి తలుపు బాదాల?"

మద్దిలేటి చేతికర్ర పక్కన పెట్టాడు. తానే వంగి రాశిలోంచి ఒక గంప నింపాడు, రెండు నింపాడు, మూడు నింపాడు. వాటిని ఆమె ముందు పెట్టాడు.

ఆ తర్వాత ఒక్క బండీ ఏరు దాటలేదు. ఏళ్లు గడిచాయి. ఒక ఎండాకాలం మధ్యాహ్నం సుంకులమ్మ కళ్లం గట్టున కూర్చుంది. ఆమె కూర్చుని లేవకపోవడం అదే మొదలు, అదే ఆఖరు.

ఆ సాయంత్రం తలుపు బాదేవాళ్లు లేరు. ఊరంతా ఇళ్లలోనే తలలు వంచుకుని ఉక్కలో ఉడికిపోయింది. తిప్పక్క కూతురు, ఆనాడు కళ్లంలో నిద్రపోయిన చంటిది, అప్పటికి పెళ్లీడుకొచ్చింది. కూర్చోలేక వీధిలోకి వచ్చింది. చెంపకు చల్లగా ఏదో తగిలింది.

"లేయండి!" అని ఏడుస్తూనే కేకేసింది. "సుంకులమ్మ లేచింది! లేయండి!"

తలుపులన్నీ తెరుచుకున్నాయి.

ఇప్పటికీ ఆ పక్క ఊళ్లలో సాయంత్రం గాలి ఎవరికి ముందు తగిలితే వాళ్లు ఆ కేకే వేస్తారు. కళ్లానికి కంప వేయరు. రాశి కొలిచే ముందు అలికినవాళ్లకు మూడు గంపలు తీసిపెడతారు, వాటిని సుంకులమ్మ గంపలంటారు. ఇంట్లో పిల్ల ఒకచోట నిలవక గంతులేస్తుంటే "కూచోవే" అని ఎవరూ కసరరు. చెయ్యి పట్టుకుని కళ్లం దగ్గర వదిలి వస్తారు.