మహారాజు తీసిన గుంజీలు

అనగా అనగా అంటే, మీ తాతల తాతలు కూడా పుట్టని రోజుల్లో పిల్లలూ, కుముదవర్మ అనే రాజు ఉండేవాడు. మంచివాడే, కానీ మహా బద్ధకస్తుడు. సింహాసనం మీంచి పల్లకీలోకి, పల్లకీలోంచి పరుపు మీదికి, అంతే ఆయన నడక!

ఆ రాజ్యంలో ఒక ఆచారముంది. ఏటా తొలకరి వేళ రాజే నీళ్ళబిందె భుజాన పెట్టుకుని కొండెక్కి అమ్మవారికి అభిషేకం చేయాలి. ఆ ఏడు కుముదవర్మకు సగం కొండకే మోకాళ్ళు వణికాయి. బిందె దించేశాడు. జనమంతా చూస్తూనే ఉన్నారు. ఆయనకు తల కొట్టేసినట్లయింది, ఉత్తరీయం ముఖాన కప్పుకుని దిగిపోయాడు. ఆచారం ప్రకారం మరుసటి ఏడు కూడా దించితే కిరీటం పినతండ్రి కొడుక్కి పోతుంది.

"ఎవరి కంటా పడకుండా సాము చేస్తాను" అనుకుని, తలుపులు బిగించుకుని తెల్లవారుజాము నుంచి మధ్యాహ్నం దాకా ఒకటే కసరత్తు చేశాడు. దాంతో మంచం పట్టాడు. లేచి మళ్ళీ అలాగే చేస్తే నడుం పట్టేసింది. మూడోసారి కళ్ళు తిరిగి పడిపోయాడు.

రాణి కనకాంబ కాపడం పెడుతూ అంది, "ఏడాది తిండి ఒక్కపూటే తింటారా మహారాజా? కోటగంట మోగినప్పుడల్లా కాసిని గుంజీలు తీయండి. ఎక్కడుంటే అక్కడే."

"నిండు సభలోనా? నా పరువేం కావాలి?"

"బిందె దించిన రోజు ఏమైంది ఆ పరువు?"

రాజు సరేనన్నాడు.

మర్నాడు సభలో గంట మోగింది. గుంజీలంటే చెవులు పట్టుకుని తీయడమే ఆయనకు తెలుసు. అలాగే మొదలుపెట్టాడు. సభంతా కొయ్యబారిపోయింది. తప్పు చేసినవాళ్ళు కదా అలా తీసేది! ముసలి మంత్రి హడలిపోయి, "ప్రభూ, తమరేం తప్పు చేశారు?" అన్నాడు.

రాజు ముఖం కందగడ్డయింది. "ఇన్నేళ్ళు కూర్చునే ఉన్నాను కదయ్యా. అదే తప్పు" అన్నాడు, గుంజీలు ఆపకుండా.

మళ్ళీ గంట మోగేసరికి పరదేశపు రాయబారి ఎదురుగా ఉన్నాడు. అతను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు. ఇంకోసారి విందులో అతిథుల మధ్య నుంచి లేవాల్సొచ్చింది. సిగ్గుతో చచ్చిపోతున్నా ఏ గంటనూ వదల్లేదు. నెలలు గడిచేకొద్దీ మోకాళ్ళలో సత్తువ చేరింది.

తొలకరి వచ్చింది. సగం కొండ దాటాక భుజం నొప్పెట్టింది, ఊపిరి ఎగపోసింది. జనం గుడ్లప్పగించి చూస్తున్నారు. రాజు ఆగాడు, బిందె దించలేదు. మళ్ళీ అడుగేశాడు. పైకి చేరి అభిషేకం చేశాక పసిపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. "ఈపాటి దానికా తల్లీ, ఆనాడు తలుపుల వెనక దాక్కున్నాను!"

కనుక పిల్లలూ, ఒక్కరోజే ఒళ్ళు హూనం చేసుకోకుండా రోజంతా కొంచెం కొంచెంగా శ్రమించండి; సిగ్గుపడాల్సింది కూర్చున్నందుకే గానీ, లేచినందుకు కాదు.