పనసకొమ్మ మీద ఇందుమతి ఊపిరి

మబ్బులు ఇళ్లలోకి వచ్చిపోయే కొండల్లో, వెనకటికి ఒక రాజుగారు ఉండేవారు నాయనలారా. ఆయనకు ముగ్గురు కొడుకులు, తల్లి లేని మేనకోడలు ఇందుమతి. ఆ పిల్లను మూడో కొడుకు ఉదయనుడికి చేసుకుందామని అనుకున్నారు.

ఇతరుల ఊపిరి దొంగిలించి బతికే కరాళుడనే మాంత్రికుడు వచ్చి, పిల్లను తనకిమ్మన్నాడు. రాజుగారు కాదన్నారు. వాడు ఇందుమతి ముఖం ముందు గుప్పిట మూశాడు. అంతే, ఆ పిల్ల కళ్లు తెరుచుకునే కొయ్యబారిపోయింది.

"దాని ఊపిరి ఈ మూడు మొక్కల్లో ఉంది. ఒక్కటి పూయించినా లేస్తుంది. మూడూ చస్తే పిల్ల నాది" అన్నాడు, గుప్పిట విప్పి మూడు మొక్కలు కింద పడేస్తూ. ఆ మొక్కల వేళ్లు తెల్లగా, శవం వేళ్లలా ఉన్నాయి.

పెద్దవాడు బంగారు తొట్టిలో చెరువుమన్ను పోసి నాటాడు. మొక్క కుళ్లింది. ఇందుమతి పాదాలు చల్లబడ్డాయి. రెండోవాడు పట్టుగుడ్డ చుట్టి గదిలో దాచాడు. మొక్క బూజుపట్టింది. చల్లదనం నడుము దాకా పాకింది.

ఉదయనుడు దేవుడికి దండం పెట్టుకుని, మూడో మొక్క చేతపట్టుకుని, అది పుట్టినచోటు వెతుకుతూ ఏడు కొండలు దాటాడు. అక్కడ ప్రతి కొమ్మ నుంచీ తెల్లని వేళ్లు వేలాడుతున్నాయి. గాలి లేదు. అయినా అతను నడిచిన వైపే అవి తిరుగుతున్నాయి.

"ఎవరి ప్రాణం బాబూ అది?" అంది ఒక ముసలి ఉడుత.

"మా మరదలిది, ఉడుతమ్మా."

"మీవాళ్లు మట్టిలో పెట్టుంటారు. మనుషులకు దేన్నైనా పాతిపెడితేగాని తోచదు. ఇది బదనిక. మన్ను తినదు. బెరడు పట్టుకుని మంచు తాగుతుంది. ఆకుల సందున జారే ఎండ చాలు. వానలు వెళ్లాక మాత్రం చుక్క నీళ్లు పోయకు. ఆకులు రాలి ఎండిన కాడకే పువ్వు."

ఉదయనుడు ఇంటికి తిరిగొచ్చి దాన్ని తోటలో పనసకొమ్మకు నారతో కట్టాడు. చలికాలంలో ఆకులు రాలాయి. కాడ ఎముకలా మిగిలింది. మేడ లోపల ఇందుమతి పెదవులు పగిలాయి.

కరాళుడు రోజూ చెంబుతో నీళ్లు తెచ్చుకుని చెట్టుకింద కూర్చునేవాడు. "మరదలు దాహంతో పోతోంది. ఇదేం ప్రేమయ్యా బావగారూ?"

కాడలోంచి ఇందుమతి గొంతు వచ్చేది. "బావా, నీళ్లు."

"పోయరా, వినలేకపోతున్నాను" అనేవారు రాజుగారు.

ఉదయనుడు కన్నీటిచుక్క కూడా దానిమీద పడకుండా ముఖం తిప్పుకునేవాడు.

చైత్రంలో, ఒక మంచు ఉదయాన కాడ కణుపు చిట్లింది. ఊదారంగు పువ్వు విచ్చింది. దాని పరిమళం మెట్లెక్కి, తలుపు తోసుకుని, ఇందుమతి ముక్కుపుటాల్లోకి వెళ్లింది. ఆమె రొమ్ము కదిలింది. ఇన్నాళ్లూ ఆ ఊపిరితోనే బతికిన కరాళుడు కూర్చున్నచోటే ఖాళీ అయ్యాడు. వాడి బట్టలు కాసేపు అలాగే కూర్చుని, తర్వాత కూలాయి.

"అంతగా అడిగితే పోయలేదేం బావా?" అంది ఇందుమతి.

"పోస్తే నువ్వు దక్కేదానివి కాదు."

"సరే, ఇప్పుడు ఇవ్వు."

అతను మూడు చెంబులు ఇచ్చాడు, ఆమె మూడూ తాగింది. వైశాఖంలో పెళ్లయింది. అరవై ఏళ్లు చల్లగా రాజ్యమేలారు. ఆ దేవుడి దయవల్ల మీరూ అంత చల్లగా ఉండాలి నాయనలారా.