తనంతట తానే మోగే నగారా

వెనకటి వాగొడ్డు యుద్ధంలో, దండు ముందు నడిచిన ఏనుగు మీద కూర్చుని నగారా కొట్టినవాడు గురవప్ప. ముసలితనంలో, పాత సైనికులకిచ్చే మాన్యం అడగడానికి కోటకు వెళ్ళాడు.

దస్త్రాలు చూసే సోమనామాత్యుడు పెదవి విరిచాడు. "ఇందులో ఏనుగు ఉంది, మావటి ఉన్నాడు, నగారా కూడా ఉంది. నువ్వే లేవు. దస్త్రంలో లేనివాడు యుద్ధంలో లేనట్టే!"

"పోనీ, ఆ నగారానైనా ఒకసారి చూసి పోతానయ్యా" అన్నాడు గురవప్ప.

ఏనుగులశాలలో నగారా దుమ్ముకొట్టుకుపోయి ఉంది. గురవప్ప దాన్ని పైపంచెతో తుడిచి, ఆనాడు దండును కదిలించిన దరువు వేశాడు. మూలన కునుకుతున్న ముసలి ఏనుగు దిగ్గున లేచి, వచ్చి తొండంతో అతని భుజం తడిమింది.

చప్పుడు విని రాజుగారు పరుగున వచ్చారు. కుర్రతనంలో ఆయన ఆ దరువు వెంటే వాగు దాటారు. "ఎన్నాళ్ళకు విన్నాను! ఎవరయ్యా కొట్టింది?" అన్నారు.

గురవప్ప చేతులు కట్టుకున్నాడు. "ఎవరూ లేరు ప్రభూ. అమాత్యులవారి దస్త్రం ప్రకారం, అప్పుడూ ఇప్పుడూ అది తనంతట తానే మోగింది."

రాజుగారు వెనకే వచ్చిన అమాత్యుడి వైపు తిరిగారు. "ఏదీ, ఇంకోసారి మోగమని దానికి చెప్పండి. నాకు మళ్ళీ వినాలనుంది."

సోమనామాత్యుడు దస్త్రం తెప్పించి కలం అందుకున్నాడు.