పొయ్యి తరఫు మనిషి

సుమన్‌కు వచ్చిన చిక్కల్లా ఒక్కటే. అతను చెప్పేదంతా నిజమే. కానీ కన్నతండ్రి అతనితో మాట్లాడటం మానేశాడు.

సుమన్ ఇళ్ళ మీదా బడుల మీదా సోలార్ పలకలు బిగించే పనిలో ఉన్నాడు. తండ్రి పోశం బొగ్గుబాయిలో పనిచేసి ఈమధ్యే రిటైరయ్యాడు. ఒకే ఇంట్లో ఒకరు ఎండ, ఒకరు బొగ్గు. ఇక చూసుకోండి, అన్నం దగ్గర కూర్చున్నారంటే మొదలయ్యేది.

"బొగ్గు పొగతోనే గదా బాపూ, ఎండలు గిట్ల ముదురుతున్నయి," అనేవాడు సుమన్.

"నీ సోలార్ ఫ్యాను రాత్రిపూట ఎండతోని తిరుగుతదారా?" అనేవాడు పోశం.

"బ్యాటరీలున్నయి."

"ఆ బ్యాటరీ చేసిన కార్ఖానకు కరెంటు ఎక్కడిది?"

ఇట్లా సాగేది. వినేవాళ్ళకు సరదాగానే ఉండేది. వాళ్ళకూ సరదాగానే ఉండేదని నా నమ్మకం. ఆ సరదా పోశం సన్మానం నాటితో అయిపోయింది.

బొగ్గుబాయిల ఊళ్ళలో ఒక మర్యాద ఉంది, తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. మనిషి రిటైరయ్యే రోజున తోటివాళ్ళంతా చేరి కుర్చీలో కూర్చోబెట్టి దండ వేస్తారు, శాలువా కప్పుతారు. పక్క కుర్చీలో ఇంటివాళ్ళను కూర్చోబెడతారు. చేసిన సర్వీసంతా మైకులో చెప్తారు. పూలు కట్టిన జీపెక్కించి, బ్యాండు మేళంతో ఇంటిదాకా దింపి వస్తారు. పెళ్ళి తర్వాత మనిషి మెడలో అంత పెద్ద దండ పడేది మళ్ళీ ఆ రోజే.

సుమన్ ఆ సన్మానానికి పోలేదు. "భూమిని తవ్వి పొగ చేసినందుకు దండలెందుకు?" అన్నాడు. అన్నది తల్లితోనే. కానీ పక్కగదిలో పోశం కొత్త చొక్కాకు గుండీలు పెట్టుకుంటున్నాడు.

అప్పటినుంచీ ఆ ఇంట్లో మాటలన్నీ తల్లి మీదుగానే నడిచేవి. "ఆయనకు చెప్పు, పాలోడు వచ్చిండని." "ఆయనను అడుగు, సైకిల్ తాళం ఏడున్నదో." ఎదురెదురుగా కూర్చునే, చూడండి!

కొన్నాళ్ళు ఓర్చుకుని, సుమన్ తన గురువు దగ్గరికి వెళ్ళాడు.

గురువు ఓదెలయ్యగారు. ఆశ్రమం అనగానే పెద్దగా ఊహించుకోకండి. రెండు రేకుల గదులు, ముందొక పందిరి, పందిరి కింద కుట్టుమిషను. ఆయన దర్జీ. బోధ కూడా మిషను ముందు కూర్చునే చేసేవారు. తొక్కుతూ తొక్కుతూ ఆపారంటే ఏదో గొప్ప మాట రాబోతోందని శిష్యులు దగ్గరికి జరిగేవాళ్ళు. చాలాసార్లు దారం తెగి ఆపేవారు, అది వేరే సంగతి.

ఆదివారం అక్కడికి ఎవరొచ్చినా అన్నం పెడతారు. వండేది కొమురక్క. పొయ్యి బొగ్గుల పొయ్యి. పాత ఇనుప పీపా కోసి చేసింది, మనిషి నడుమెత్తు ఉంటుంది.

సుమన్ దణ్ణం పెట్టి కూర్చున్నాడు. "అయ్యగారూ, మీరే చెప్పుండ్రి. ఎండ గొప్పదా, బొగ్గు గొప్పదా?"

గురువు సూదిలోకి దారం ఎక్కిస్తున్నారు. "నీకేం గావాలె బిడ్డా?"

"మన వంటకు సోలార్ పొయ్యి పెడ్త. పొగ ఉండది, మసి ఉండది. కొమురక్క దగ్గు గూడ తగ్గుతది."

"పెట్టు."

సుమన్ తెల్లబోయాడు. ఆయన కాదంటే చెప్పాల్సినవన్నీ దారి పొడుగునా కూడబెట్టుకుని వచ్చాడు పాపం. వాటినేం చేసుకోవాలో తెలియలేదు.

ఆ లోటు కొమురక్క తీర్చింది. "మబ్బు పట్టిన్నాడో?"

"గ్యాసు ఉంటది గదా అక్కా."

"గ్యాసేమన్న మబ్బులకెళ్ళి కురుస్తదా పిలగా? అది గూడ భూమిలకెళ్ళే గదా!"

"మబ్బు ఎన్నడో ఒకనాడు పడ్తది. నీకు దగ్గు రోజూ వస్తున్నది."

కొమురక్క ఏదో అనబోయింది, నిజంగానే దగ్గొచ్చింది. "సరే తీయ్," అంది కళ్ళు తుడుచుకుంటూ. "పొగ తప్పుతదంటే నాకేం చేదా?"

గురువు అడిగారు. "మరి ఈ పాత పొయ్యిని ఏం జేద్దాం?"

"పాత ఇనుప సామానోనికి ఇచ్చేద్దాం అయ్యగారూ."

మిషను ఆగింది. అందరూ దగ్గరికి జరిగారు. దారం తెగలేదు ఈసారి.

"అట్లెట్ల ఇస్తం?" అన్నారు గురువు. "సర్వీసు చేసిన పొయ్యి. రిటైర్మెంటు చేద్దాం. ఆదివారం సన్మానం. ఉపన్యాసం నువ్వియ్యాలె."

సుమన్ నవ్వాడు. గురువు నవ్వలేదు. మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టారు.

ఆదివారం పొద్దున చూడాలి ఆ పందిరి! కొమురక్క పొయ్యిని కొబ్బరి పీచుతో తోమి తోమి, పసుపు రాసి బొట్లు పెట్టింది. గురువు కుట్టగా మిగిలిన ముక్కలన్నీ కలిపి అంచు వేసి ఒక శాలువా కుట్టారు. ఆకుపచ్చ, గులాబీ, మధ్యలో ఎవరిదో లాగు గుడ్డ. పొయ్యి పక్కన ఒక కుర్చీ వేయించారు. వాకిట్లో సుమన్ తెచ్చిన సోలార్ పొయ్యి పెద్ద గొడుగును తిరగేసినట్టు ఉంది, లోపలంతా అద్దాల్లా మెరిసే రేకులు, మధ్యలో నల్ల గిన్నె.

బాయిలో పనిచేసి రిటైరైనవాళ్ళు చాలామంది వచ్చారు. పొయ్యికి సన్మానమంటే ఎవరు మానేస్తారు? సారయ్య అనే ఆయన ఏకంగా ఇస్త్రీ బట్టలేసుకుని వచ్చాడు. "పోశన్నా, జీపు గూడ వస్తదా దీనికి?" అని అడిగాడు. పోశం కొడుకు కోసం రాలేదు. గురువు పిలిచారు కాబట్టి వచ్చాడు. పందిరి చివరి గుంజకు ఆనుకుని నిలబడ్డాడు, కొడుకు కనబడని వైపు.

మైకు లేదు. కొమురక్క సుమన్ చేతికి గరిటె ఇచ్చింది. "గిదే మైకనుకో."

సుమన్ గరిటె నోటి దగ్గర పెట్టుకుని గొంతు సవరించుకున్నాడు.

"సభకు నమస్కారం. ఈ పొయ్యిగారు తమ సర్వీసులో చాలా పొగ విడిచినారు. ఈ ఆశ్రమం గోడలకు రంగు వేసే ఖర్చు లేకుండ, వారే నల్లగ చేసినారు."

పందిరంతా గొల్లుమంది. అందరికంటే పెద్దగా కొమురక్క నవ్వింది. పోశం గుంజ దగ్గర కాలు మార్చుకున్నాడు.

"ఓ పిలగా," అన్నాడు సారయ్య. "తప్పులు కాదు. సర్వీసు చెప్పాలె. మా దగ్గర వరుస గదే. ఎసుంటోనికైనా ఆనాడు సర్వీసే చెప్తరు."

సుమన్ గురువు వైపు చూశాడు. ఆయన ఒళ్ళో శాలువా పెట్టుకుని వింటున్నారు, ఎవరి సన్మానానికైనా వచ్చినట్టే.

"సర్వీసంటే..." సుమన్ గరిటె కొంచెం దించాడు. "ఆదివారమాదివారం అన్నం వండింది. పప్పు వండింది. బాయిలకు నీళ్ళొచ్చి పని బందైన ఏడాది గల్లీకి గల్లీ ఇక్కడికే తిననీకి వచ్చింది. ఆ ఏడాది ఇది రోజూ మండింది."

"మండింది, మండింది," అన్నారు ఇద్దరు ముగ్గురు.

"అమ్మ దవాఖానల ఉన్నప్పుడు నేను గూడ ఇక్కడనే తిన్న. బడికి డబ్బా గూడ ఇక్కడిదే. కొమురక్క నాకు అడుగన్నం పెట్టకపోయేది. నడుమ నుంచి మెత్తటిది తీసి పెట్టేది."

"నీకు పండ్లు ఊడుతుండెరా అప్పుడు," అంది కొమురక్క. నవ్వించడానికే అంది. తనే నవ్వలేదు.

"చలికాలం దీని పక్కకు కూసొని చదివిన. పదో తరగతి దీని ఎచ్చకే పాసైన." ఇప్పుడు సుమన్ గరిటెలోకి మాట్లాడట్లేదు. పొయ్యితో మాట్లాడుతున్నాడు. "ఎంతమంది వచ్చినా ఇది సల్లారలే. దీనికి ఎన్నడు బొగ్గు తక్కువ గాలే. ఇంటి వంటకని కంపెనీ ఇచ్చిన బొగ్గుల నుంచి సంచి నింపి, రాత్రి డ్యూటీ దిగి ఇంటికి గూడ పోకుండ, సైకిల్ మీద ఏసుకొని..."

అక్కడ ఆగిపోయాడు.

 చివరి గుంజ వైపు ఎవరూ చూడలేదు. బాయి మనుషులకు ఆ మర్యాద తెలుసు.

అప్పుడు గురువు అన్నారు. "ఇంటోళ్ళ కుర్చీ ఖాళీగున్నది. సన్మానం నాడు అట్లుండొద్దు. పొయ్యి తరఫు మనుషులు ఎవలన్న వచ్చిండ్రా?"

ఇంతకుముందైతే ఈ మాటకు పందిరి ఎగిరిపోయేది. ఒక్కరూ నవ్వలేదు.

సుమన్ గరిటెను కొమురక్కకు ఇచ్చేశాడు. వెళ్ళి పొయ్యి పక్కన కుర్చీలో కూర్చున్నాడు. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, తల వంచుకుని.

గురువు దండా శాలువా పట్టుకుని చివరి గుంజ దాకా నడిచారు. "పోశం, పెద్దోనివి. నువ్వెయ్యాలె."

పోశం వచ్చాడు. పొయ్యికి దండ వేశాడు. ముక్కల శాలువా విప్పి దాని మీద కప్పాడు, అంచులు సమంగా వచ్చేలా సర్దాడు. ఆ ఇనుము మీద అరచెయ్యి పెట్టి కాసేపు ఉంచాడు. మంట లేకపోయినా ఉంచాడు.

సుమన్ లేచి నిలబడ్డాడు.

"కూసో," అన్నాడు పోశం. "ఇంటోళ్ళు కూసోవాలె."

'ఆయనకు చెప్పు' అని ఎవరితోనూ అనలేదు. నేరుగా అన్నాడు.

"బాపూ, ఆనాడు నేను..."

"ఫోటో తీస్తుండ్రు. సక్కగ చూడు."

సారయ్య సెల్‌ఫోను ఎత్తి పట్టుకున్నాడు. ఆ ఫోటోలో పొయ్యి మధ్యలో ఉంటుంది, పెళ్ళికూతురిలా. ఒక పక్క కొడుకు, ఒక పక్క తండ్రి. ఇద్దరూ సెల్‌ఫోను వైపు చూడట్లేదు.

దండలయ్యాయి, చప్పట్లయ్యాయి. సన్మానమైతే అయింది గానీ వచ్చినవాళ్ళకు అన్నం కావాలి కదా. ఆ సంగతి ముందు గుర్తొచ్చింది పోశానికే. వాకిట్లోకి నడిచి, ఆ మెరిసే గొడుగు చుట్టూ ఒకసారి తిరిగాడు. వంగి కింద ఇరుసు చూశాడు, పట్టుకుని కదిపి చూశాడు, బాయిలో కొత్త మిషను వస్తే చూసినట్టే.

"ఎటు దిప్పాలెరా దీన్ని?"

సుమన్ కుర్చీలోంచి దాదాపు పరుగున వచ్చాడు. "సూర్యుని దిక్కు, బాపూ."

"ఆ మాత్రం నాకు తెల్వదా? కుడికా, ఎడమకా?"

"జెరంత ఎడమకు. ఇంకొంచెం. సాలు, సాలు!"

వెలుగంతా వెళ్ళి నల్ల గిన్నె అడుగున పడింది. పోశం వేలు ముందుకు పెట్టబోయి, కొడుకు "కాలుతది బాపూ" అంటూ చెయ్యి పట్టుకునేసరికి వెనక్కి తీసుకున్నాడు. చెయ్యి మాత్రం ఇద్దరూ వెంటనే వదల్లేదు.

గురువు అప్పటికే మిషను దగ్గరికి వెళ్ళి కూర్చున్నారు. అక్కణ్ణుంచే కేక వేశారు.

"పాతాయన డ్యూటీ దిగిండు. కొత్తాయన ఎక్కిండు. కొమురక్కా, బియ్యం కడుగు."