ఓబులమ్మ కూర్చున్న తోరణం

దగ్గరికి జరగండి తల్లీ, దగ్గరికి జరగండి నాయనా. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి. తొలకరి వాసన తగలగానే చెప్పుకోవలసిన కథ ఇది.

మన తాతల తాతలు అరక పట్టిన కాలంలో, ఒక మెట్టపల్లెలో ఓబులమ్మ అనే ముసలామె ఉండేది. ఆమెకు చేను లేదు, ఎద్దు లేదు, కాడి లేదు. గోగునారతో తాడు పేనడం ఒక్కటే వచ్చు. ఏటా ఏరువాక పున్నమికి ఊరి వాకిట కట్టే నారతోరణం ఆమె పేనిందే.

ఆ పండగ సంబరం ఏమని చెప్పను. ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, గంటలు కట్టి తోలుకొచ్చేవాళ్లు. రైతులు చర్నాకోలలతో తోరణాన్ని కొట్టి తెంచి, ఆ నారపోగులు ఎద్దుల మెడలో కట్టేవాళ్లు. పోగు పడితేనే అరక కదిలేది. మా పెద్దలు చెప్పగా విన్న ఆ గంటల మోత ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నట్టే ఉంటుంది.

ఒక ఏడు గడ్డి లేక సుంకన్న అనే పేదరైతు ఎద్దు ఒకటి చచ్చిపోయింది. ఒంటి ఎద్దుతో దున్నేదెట్లా? నేలలో తడి ఆరి పదును పోతే విత్తనం పడదు. విత్తనం పడకపోతే పిల్లలకు గంజి ఉండదు. జోడెద్దు కోసం మూడిళ్లు తిరిగాడు.

మొదటి ఇంట్లో, "మా ఎద్దు పరాయి చేతికి లొంగదు" అన్నారు.

రెండో ఇంట్లో, "నీకిస్తే రేపు ఊరంతా అడుగుతారు" అన్నారు.

మూడోది పెద్దరైతు చిన్నపరెడ్డి ఇల్లు. "మా చేలన్నీ దున్నాక చూద్దాంలే" అన్నాడాయన.

పున్నమినాడు సుంకన్న ఒంటి ఎద్దును పట్టుకుని అందరికీ వెనక నిలబడ్డాడు. ఓబులమ్మ తోరణం తెచ్చింది. కట్టడానికి ఇవ్వలేదు. చుట్ట చుట్టి నేలమీద పెట్టి, దానిమీద కూర్చుంది.

"లే ఓబులమ్మా, పొద్దెక్కుతోంది" అన్నారు రైతులు.

"సుంకన్న జోడు రాలేదు నాయనా. వచ్చాక లేస్తా."

"లే అవ్వా, మబ్బు పడుతోంది."

"సుంకన్న జోడు రాలేదు నాయనా. వచ్చాక లేస్తా."

చిన్నపరెడ్డికి కోపమొచ్చింది. "లేవకపోతే ఈ ఏడు కల్లంలో నీకు గింజ పడదు."

ఓబులమ్మ బతికేది ఆ కల్లం గింజల మీదే. అయినా ఆమె కదల్లేదు. "సుంకన్న జోడు వచ్చాక లేస్తా నాయనా" అంది, మెల్లగా.

అప్పుడు రెడ్డి భార్య నరసక్క ముందుకొచ్చింది. "ఏమయ్యా, వచ్చే ఏడు మన ఎద్దు చస్తే, మనకోసం ఇట్లా కూర్చునేది కూడా ఈ ముసలమ్మే కదా" అంది. తమ తెల్ల ఎద్దును తోలుకొచ్చి సుంకన్న ఎద్దు పక్కన నిలబెట్టింది.

రెడ్డి ఆ జోడును చూసి ఓబులమ్మ దగ్గరికొచ్చాడు. "ఇంకా కూర్చున్నావేం అవ్వా?" అన్నాడు చివరికి.

"మోకాళ్లు పట్టేశాయి నాయనా. చెయ్యందియ్యి."

రెడ్డే చెయ్యందించాడు. తోరణం కట్టాక తొలి దెబ్బ సుంకన్నది. తోరణం తెగేసరికి చినుకు పడింది. ఆ ఏడు కల్లంలో ఓబులమ్మ ఒడిలో తొలి దోసిలి పోసిందీ సుంకన్నే.

కొన్నాళ్లకు ఓబులమ్మ కన్నుమూసింది. మరుసటి ఏరువాకకు ఊరివాళ్లే పేనిన తోరణం వచ్చింది గానీ, కట్టడానికి ఎవరికీ చేతులు రాలేదు. చిన్నపరెడ్డి వచ్చి ఆ చుట్టమీద కూర్చున్నాడు. "జోడు లేనివాళ్లు ఉన్నారా?" అని మూడుసార్లు అడిగి, అప్పుడు లేచాడు.

ఇప్పటికీ ఆ ఊళ్లో పెద్దరైతు తోరణం మీద కూర్చుని మూడుసార్లు అడుగుతాడు. ఎవరైనా చెయ్యెత్తితే, ఎద్దు వచ్చేదాకా లేవడు.

మీరూ ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. మీ ఇంట ఏ పండగైనా సరే, దీపం వెలిగించేముందు వెనక్కి తిరిగి మూడుసార్లు అడగండి, వెనక ఎవరైనా నిలబడిపోయారా అని.